వైరుకు వేలు, జాయింటుకు రూపాయా?

నెల్లూరు ట్రంకురోడ్డులో ఏ ఎలక్ట్రానిక్స్ షాపుకైనా వెళ్ళి హెచ్‌డీఎంఐ కేబుల్ అడగండి. కౌంటర్ మీద రెండు రకాలు పెడతారు. ఒకటి పలచటి ప్లాస్టిక్ కవర్లో చుట్ట చుట్టి ఉంటుంది. రెండోది అట్టపెట్టెలో, బంగారు పూత పిన్నులతో, నైలాన్ అల్లిక తొడుగుతో ఉంటుంది. ధర పదింతలు. "ఇది వేసి చూడండి సార్, క్లారిటీ వేరే లెవెల్లో ఉంటది" అంటాడు కుర్రాడు. కొత్త టీవీకి అంత డబ్బు పోసినవాడికి ఆ క్షణంలో చవక వైరు అడగాలంటే మొహమాటం. అంత పెట్టాం, ఇక్కడ కక్కుర్తి ఎందుకులే అని పర్సు తీస్తాడు.

ఈ అధ్యాయం ఆ మొహమాటం గురించి. దానికి సరిగ్గా ఎదురుగా ఇంకో ధీమా ఉంది. "అంతా డిజిటలే కదబ్బా, ఏ వైరైతే ఏంది?" అనేది. మన సముద్రతీరంలో ఈ రెండూ జేబుకు చిల్లు పెట్టేవే. మొదటిది ఒక్కసారితో వదిలేస్తుంది, రెండోది ఏటా వసూలు చేస్తుంది.

ముందు వైరులో పోయేది ఏమిటో చూద్దాం. మైపాడు ఒడ్డున నిలబడి, లోపల పడవ మీదున్న మనిషిని చూస్తున్నామనుకోండి. అతని ముఖంలో నవ్వుందా, విసుగుందా అన్నది దూరం పెరిగేకొద్దీ మసకబారుతుంది. అదే "వల నిండితే చెయ్యెత్తు, లేకపోతే దించు" అని ముందే అనుకుని ఉంటే, ముఖం కనపడకపోయినా కబురు చెక్కుచెదరకుండా అందుతుంది. చెయ్యి కూడా ఆననంత దూరం పోతే మాత్రం కబురే లేదు. ముఖం చూసి తెలుసుకునేది అనలాగ్. చెయ్యి చూసి తెలుసుకునేది డిజిటల్. మొదటిదానిలో మధ్యలో పోయిన ప్రతి పిసరూ బొమ్మలోంచో పాటలోంచో పోయినట్టే. రెండోదానిలో ఎత్తిందా, దించిందా అన్నది తేల్చుకోగలిగినంతవరకు పోయింది ఏమీ లేదు.

పాత కేబుల్ టీవీ రోజులు గుర్తున్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. లైను చివర ఉన్న ఇంట్లో బొమ్మ మీద చుక్కలు, మనిషి పక్కన మనిషి నీడ, ఒక ఛానెల్లో ఇంకో ఛానెల్ గీతలు. అయినా సీరియల్ నడిచేది, జనం సర్దుకునేవారు. 2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి దేశమంతా విడతలవారీగా సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేశారు. నగరాలతో మొదలుపెట్టి, పల్లెల దాకా వచ్చేసరికి చివరి గడువు 2017 మార్చి 31. ఆ మార్పుతో చుక్కలు పోయాయి. వాటి బదులు బొమ్మ ముక్కలు ముక్కలవడం, ఆగిపోవడం, "నో సిగ్నల్" అని నీలం తెర రావడం వచ్చాయి. అదే లైను, అదే తడిసిన జాయింటు. ఒకప్పుడు బొమ్మ నెమ్మదిగా చెడుతూ మనకు నోటీసు ఇచ్చేది. ఇప్పుడు నిన్నటిదాకా అద్దంలా ఉండి ఈరోజు చప్పున పోతుంది.

కాబట్టి షాపులో కుర్రాడు చెప్పిన "క్లారిటీ" అన్న మాట పాత కాలానిది. హెచ్‌డీఎంఐలో పోయేది అంకెలు. అంకెలు చేరితే చవక కేబుల్లోనూ, ఖరీదైన దానిలోనూ బొమ్మ ఒకటే. రంగు చిక్కబడదు, నలుపు నల్లబడదు. కేబుల్ చాలకపోతే ఆ సంగతి దాగదు. తెర మీద తెల్లటి మెరుపు చుక్కలు పడతాయి, బొమ్మ మధ్యమధ్యలో మాయమై వస్తుంది, లేదా అసలే రాదు. ఇవేవీ లేకపోతే మీ కేబుల్ తన పని నూటికి నూరుపాళ్ళు చేస్తున్నట్టే. చూడాల్సింది బంగారు పూత కాదు, మోయగలిగిన వేగం. 4కే బొమ్మ సెకనుకు 60 ఫ్రేములతో రావాలంటే 18 గిగాబిట్లు మోసే కేబుల్ కావాలి. దాని మీద "ప్రీమియం హై స్పీడ్" అని ఉంటుంది. 48 గిగాబిట్ల "అల్ట్రా హై స్పీడ్" రకం కొత్త గేమింగ్ పెట్టెలు ఉన్నవాళ్ళకు. ఈ రెండిటి ప్యాకెట్ మీదా ఫోన్‌తో స్కాన్ చేసి అసలో నకిలీయో చూసుకునే లేబుల్ ఉంటుంది. పొడవు 5 మీటర్లు దాటితే అప్పుడు కాస్త ఆలోచించి కొనండి. టీవీ వెనక మీటరున్నర వైరుకు అంత తర్కం అక్కర్లేదు.

అంకెల సత్తా ఎంతో చూడాలంటే మనవాళ్ళు దూరం పోనక్కర్లేదు. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న మంగళ్‌యాన్ లేచింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 24న అది అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు మనకూ దానికీ మధ్య 20 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరం. కబురు రావడానికే 12 నిమిషాలు. మధ్యలో కేబుల్ కాదుకదా, గాలి కూడా లేదు. అయినా ఫొటోలు వచ్చాయి. అక్కడి నుంచి వచ్చేసరికి సిగ్నల్ ఊపిరి కూడా తీయలేనంత బలహీనంగా ఉంటుంది. కానీ అంకెలతో పాటు తప్పులు దిద్దుకునే అదనపు అంకెలు కలిపి పంపుతారు. ఆ సిద్ధాంతానికి పునాది 1948లో క్లాడ్ షానన్ వేశాడు. ఇంత తెలిసిన తర్వాత కూడా మీటరున్నర దూరానికి పదింతలు పెట్టాలనిపిస్తే, పెట్టండి. అది అలంకారానికి పెట్టిన ఖర్చని మాత్రం తెలిసి పెట్టండి.

ఇక రెండో వర్గం. డిజిటల్ కాబట్టి ఏ వైరైనా ఒకటే అనేవాళ్ళు.

వాళ్ళకు 1858 నాటి కథ చెప్పాలి. ఐర్లాండ్ నుంచి ఉత్తర అమెరికాకు అట్లాంటిక్ సముద్రం అడుగున తొలి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. అందులో పోయేది చుక్కలు, గీతలే. అంటే ఒకరకంగా డిజిటలే. అయినా విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలికి చేరడానికి 16 గంటలు పట్టింది. అంత పొడవు వైరులో ఒక చుక్క సాగి సాగి తర్వాతి చుక్కలో కలిసిపోయేది. వేగం పెంచుదామని వైట్‌హౌస్ అనే ఆయన 2,000 వోల్టుల దాకా ఎక్కించాడు. అప్పటికే అంతంతమాత్రంగా ఉన్న కేబుల్ కొన్ని వారాలకే మూగబోయింది. రాగి స్వచ్ఛంగా ఉండాలి, మందంగా ఉండాలి, పైన ఇన్సులేషన్ గట్టిగా ఉండాలి అని మొదటినుంచీ మొత్తుకున్నవాడు విలియం థామ్సన్. తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఆయనే. ఆయన మాట విని వేసిన 1866 కేబుల్ నిలబడింది. దూరం, వేగం హద్దు దగ్గరికి వచ్చినప్పుడు చుక్కకూ గీతకూ కూడా మంచి రాగే కావాలి.

అందుకే "ఏది మంచిది?" అని షాపులో అడగడం మానండి. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఖరీదైనదే అవుతుంది. "నాకు ఏం పోతోంది? ఎక్కడ పోతోంది?" అని ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. దీనికి మన తీరంలో నాకు కనపడిన మంచి పాఠశాల రొయ్యల గుంటల దగ్గరి కెమెరాలు.

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు గుంటల గట్ల మీద కెమెరాలు మామూలైపోయాయి. పట్టుబడి దగ్గరపడితే రాత్రిళ్ళు నిద్రపట్టని రైతుకు అవే ధైర్యం. అక్కడ తరచుగా వినపడే ఫిర్యాదు ఇది: "అన్నా, పగలంతా బాగానే ఉండాది. చీకటి పడితే చాలు, బొమ్మ ఆరిపోతా ఉండాది. కెమెరానే మార్చాల్నా?"

కెమెరా మార్చినా రాత్రికి మళ్ళీ అదే. ఎందుకో లెక్కవేసి చూద్దాం. గుంటల దగ్గర ఎక్కువగా లాగేది త్రీ ప్లస్ వన్ కేబుల్. బొమ్మ తెచ్చే కోయాక్స్ ఒకటి, పక్కన సన్నటి వైర్లు మూడు. వాటిలో రెండు కెమెరాకు 12 వోల్టుల కరెంటు తీసుకెళ్తాయి. ఆ సన్న వైరు మందం 0.2 చదరపు మిల్లీమీటర్లు, దూరం 60 మీటర్లు అనుకోండి. పోను, రాను 120 మీటర్ల రాగి. దాని నిరోధం సుమారు 10 ఓములు. పగలు కెమెరా 0.2 ఆంపియర్లు తాగితే వైరులో 2 వోల్టులు పోయి 10 మిగులుతాయి. అవస్థపడుతూ నడుస్తుంది. చీకటి పడగానే చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వెలుగుతాయి. వాడకం 0.5 ఆంపియర్లకు చేరితే వైరులోనే 5 వోల్టులు పోతాయి. కెమెరాకు చేరేది 7 లోపు. అది ఆరిపోక ఏం చేస్తుంది? ఇక ఆ వైరు రాగి కూడా కాకుండా, రాగి పూత పూసిన అల్యూమినియం అయితే నష్టం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ పోయింది సిగ్నల్ కాదు, కరెంటు. అనలాగా, డిజిటలా అన్న చర్చే అక్కర్లేదు. కరెంటు వైరు విడిగా, లావుది లాగితే, లేదా అడాప్టర్‌ను కెమెరా దగ్గరికి జరిపితే తీరిపోయే జబ్బు ఇది.

ఇంకో సంగతి. డబ్బా మీద "హెచ్‌డీ" అని ఉంటే చాలు, అది డిజిటల్ అనుకుంటారు. కోయాక్స్ మీద నడిచే హెచ్‌డీ కెమెరాల్లో ఎక్కువ భాగం పంపేది అనలాగ్ సిగ్నలే. అందుకని వైరు గుణం తెర మీద కనపడుతుంది. పొడవాటి నాసి కేబుల్లో ముందు అంచుల పదును తగ్గుతుంది, రంగు వెలిసిపోతుంది. ఏరేటర్ల కేబుల్‌తో కలిపి ఒకే పైపులో లాగారంటే, మోటార్లు వేసినప్పుడల్లా బొమ్మలో గీతలు పాకుతాయి. రెండిటినీ రెండు గట్ల మీదుగా లాగితే ఖర్చు కాస్త పెరుగుతుంది, గీతలు పోతాయి. అదే ఐపీ కెమెరా అయితే అంకెలు పంపుతుంది. దానికి గీతలు రావు. కానీ నెట్‌వర్క్ కేబుల్‌కు 100 మీటర్ల హద్దుంది. 90 మీటర్ల దాకా నిక్షేపంగా నడిచింది కదా అని 150కి లాగితే మాత్రం రోజుకోలా వేధిస్తుంది.

కొనేటప్పుడే రాగిని పరీక్ష చేయవచ్చు. బ్లేడుతో తీగను గీరండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. డిష్ టీవీ కోయాక్స్ అయితే మధ్య తీగకు చిన్న అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుంటే లోపల ఉక్కు, పైన రాగి పూత. దీనికి కంగారుపడకండి. ఎక్కువ పౌనఃపున్యాల సిగ్నల్ తీగ పైపొరలోనే ప్రయాణిస్తుంది కాబట్టి ఆ పూత దానికి చాలు. అయితే అదే తీగ మీద సెట్‌టాప్ బాక్సు నుంచి పైన ఛత్రీ దగ్గర సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పోవాలి. ఇంటికి పాతిక మీటర్లయితే పరవాలేదు. అపార్టుమెంటులో పైనుంచి కిందికి పొడవాటి లైనైతే పూర్తి రాగి తీసుకోండి. ఇదొక్కటే నేను బేరమాడకుండా డబ్బు పెట్టమనే చోటు.

ఇక అనలాగ్ అంటే ఖరీదైన కేబుల్ అనే కదా అనుకోవద్దు. థర్మల్ కేంద్రాల్లాంటి చోట్ల ఒత్తిడి, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు దశాబ్దాలుగా 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల పద్ధతి వాడుతున్నాయి. కొలతను వోల్టేజీగా కాక కరెంటుగా పంపుతారు. ఒకే వలయంలో తిరిగే కరెంటు ఈ చివరా ఆ చివరా ఒకటే కాబట్టి, మధ్యలో వైరు నిరోధం కొంత పెరిగినా కొలత మారదు. పైగా సున్నా కొలతకు కూడా 4 మిల్లీ ఆంపియర్లు ఉండాలి. అసలేమీ రాకపోతే వైరు తెగిందని అర్థం. ఇంత సాదాసీదా తెలివి ముందు బంగారు పిన్నులు ఏపాటివి! మైక్‌సెట్ వాళ్ళు వాడే మూడు పిన్నుల మైక్ కేబుల్ కూడా ఇలాంటిదే. ఒకే సిగ్నల్‌ను ఒక తీగలో నేరుగా, రెండోదానిలో తిరగేసి పంపి, దారిలో రెండిటికీ సమానంగా అంటిన గుయ్యిమనే మోతను చివర తీసేస్తుంది. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జనంలో పిల్లలు తప్పిపోయారన్న ప్రకటన స్పష్టంగా వినపడాలంటే ఇవన్నీ కుదరాలి.

అసలు శత్రువు దగ్గరికి ఇప్పుడు వద్దాం. ఉప్పు గాలి.

తీరం పక్క ఊళ్ళలో మేడ మీదికెక్కి, రెండు మూడేళ్ళ కిందట బిగించిన కేబుల్ కొనను విప్పి చూడండి. మెలితిప్పి ఎక్కించిన కనెక్టర్ అయితే చేత్తోనే ఊడి వస్తుంది. లోపల మధ్య తీగ మీద పచ్చటి చిలుము. చుట్టూ ఉండే వెండిరంగు అల్లిక నల్లబడి, వేలితో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. తెల్లగా నురగలా ఉండాల్సిన లోపలి పొర గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఉప్పుతేమ ఆ అల్లిక వెంట లోపలికి పాకుతుంది. రాగి, అల్యూమినియం, ఇత్తడి ఒకదానికొకటి ఆనుకున్న చోట ఉప్పునీరు చేరితే తినేయడం ఇంకా జోరుగా సాగుతుంది. ఇక్కడికి ఏ గొప్ప కేబుల్ తెచ్చి బిగించినా, కొన ఇలా ఉంటే ఫలితం ఇదే. వందల రూపాయల కేబుల్‌కు నాసిరకం కనెక్టర్ పెట్టడం మనకు అలవాటైపోయింది. బిల్లులో పెద్ద అంకె కేబుల్‌ది కాబట్టి మన చూపు దాని మీదే ఉంటుంది.

జాయింటు ఎంత పని చేయగలదో శాస్త్రవేత్తలకే అనుభవం. 2011 సెప్టెంబర్లో ఒపెరా ప్రయోగం వాళ్ళు జెనీవా దగ్గరి సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని ప్రకటించారు. ఐన్‌స్టీన్ తప్పా అని ప్రపంచమంతా గగ్గోలు. కొన్ని నెలలకు తేలిన ముఖ్య కారణం, జీపీఎస్ గడియారం నుంచి వచ్చే ఫైబర్ కేబుల్ కనెక్టర్ పూర్తిగా బిగియకపోవడం. సిగ్నల్ పోలేదు. రావడం మాత్రం ఆలస్యమైంది.

ఇంట్లో ఉండే జబ్బు కేబుల్‌దా, జాయింటుదా, ఆకాశానిదా తేల్చుకోవడానికి తీరవాసులకు ఒక మంచి గుర్తుంది. కుండపోత పడుతున్నప్పుడు డిష్ సిగ్నల్ పోయి, వాన వెలిసిన కొద్ది నిమిషాలకు తిరిగొస్తే అది వాన చినుకులే సిగ్నల్‌ను మింగడం. ఏ కేబుల్ మార్చినా లాభం లేదు, డబ్బు తీయకండి. వాన వెలిసినా రాకుండా, మర్నాడు ఎండెక్కిన తర్వాత వస్తే జాయింటులో నీళ్ళు చేరాయి. సెట్‌టాప్ బాక్సు సెట్టింగుల్లో సిగ్నల్ బలం, సిగ్నల్ నాణ్యత అని రెండు గీతలుంటాయి. బలం తక్కువైతే లైను పొడవు, మధ్యలోని స్ప్లిటర్లు చూడండి. ఒక్కో రెండు దారుల స్ప్లిటర్ సగం బలం తినేస్తుంది. బలం నిండుగా ఉండి నాణ్యత తక్కువైతే చాలాసార్లు దొంగ జాయింటే. అన్నీ బాగున్న రోజున ఆ రెండు అంకెల్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. లైన్‌మన్ వచ్చి "మీ టీవీ పాతదైంది సార్" అన్నప్పుడు చూపించవచ్చు.

ఫైబర్ వచ్చిన ఇళ్ళకు ఉప్పు బెడద తగ్గింది. గాజుకు చిలుము పట్టదు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆ తర్వాత ప్రైవేటు ఫైబర్లూ పల్లెల్లోకి వచ్చాయి. అయితే గాజు తీగను తలుపు సందులో నొక్కినా, మేకుకు బిగువుగా చుట్టినా వెలుగు బయటికి కారిపోతుంది. కనెక్టర్ కొన మీద వేలిముద్ర పడినా అంతే. బాక్సు మీద ఎర్రలైటు వెలిగితే ముందు ఆ మలుపు చూడండి.

నెల్లూరికి వానలు అక్టోబర్‌తో మొదలై డిసెంబర్ దాకా ఉంటాయి. 2015 నవంబర్, 2021 నవంబర్ వరదలు ఎవరూ మరిచిపోలేదు. ఏటా సెప్టెంబర్ ఎండల్లోనే ఒకపూట మేడెక్కండి. బయటున్న ప్రతి కనెక్టర్‌నూ విప్పండి. బాగుంటే, సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి బిగించండి. మామూలు నల్ల టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. కేబుల్ గోడలోకి దూరే ముందు కాస్త కిందికి వేలాడి పైకి తిరిగేలా వదలండి, నీళ్ళు ఆ వంపులోంచి కిందికి కారిపోతాయి. మెలితిప్పే కనెక్టర్ బదులు నొక్కుడు యంత్రంతో బిగించేది వేయించండి. ధర తేడా పెద్దదేమీ కాదు.

విప్పినప్పుడు చిలుము కనపడితే గీకి మళ్ళీ పెట్టకండి. రెండంగుళాలు కోసేసి కొత్త కొన తీయండి. అల్లిక ఇంకా నల్లగానే ఉంటే మరో అర అడుగు. తెల్లటి అల్లిక కనపడేదాకా కోస్తూ పోండి. రెండు మూడు అడుగులు పోయినా నలుపే వస్తుంటే అప్పుడు మాత్రం కేబుల్ పూర్తిగా మార్చాల్సిందే. ఈసారి ఎండకు నిలిచే నల్ల తొడుగుది, గీరితే లోపల కూడా ఎర్రగానే ఉండేది, ఒక్క ముక్కగా ఇంటిదాకా చాలేంత పొడవుది అడగండి.